శుక్రవారం బొంత

ఫర్వానియాలో నాలుగో అంతస్తు గది.
శుక్రవారం మూడు గంటలే మావి.
ఖాసింబీ వాళ్ళ బాబా పాత దిష్‌దాషా తెస్తుంది,
నూకరత్నం, పిల్లల యూనిఫాం ముక్కలు.
నేను, చిరిగిన నా నైటీ.

"అంత దూరం కుట్లేటి, ఏలు దూరిపోద్ది!"
మా రాయచోటిలో ఇట్లే వేస్తామంటాను.
ఖాసింబీ ఏమీ అనదు,
విప్పి మళ్ళీ కుడుతుంది
నా వరసా, నూకరత్నం వరసా.

పూర్తికాని ఆ బొంతను
ఈ వారం ఎవరి కళ్ళు ఉబ్బివున్నాయో
వాళ్ళ సంచిలో పెడతాం.
అడగం.

తిరిగొచ్చేసరికి అంచున కొత్త కుట్లుంటాయి.
నిద్రపట్టని రాత్రి పొడుగెంతో
బొంతే చెబుతుంది.

పోయిన వారం నావి రెండు మూరలు.
ఖాసింబీ చేత్తో కొలిచి చూసింది,
దారం కొన తడిపి సూదికెక్కించింది.
"జరుగు, ఈ మూల ఇద్దరం కుడదాం."