హల్లులు

ఈ ఊరి పేరు హల్.
బళ్ళో పంతులు నేర్పిన హల్లే, పొల్లుపోకుండా.
ఉద్యోగంలో చేరిన కొత్తలో
ఆ మాటకి ఒంటరిగా నవ్వుకున్నాను.
ఇప్పుడు నవ్వు రాదు.
నా గదికి వచ్చేవాళ్ళందరూ
హల్లులు పోగొట్టుకున్నవాళ్ళే.

చేపల పడవ ఇంజన్ గదిలో ఇరవయ్యేళ్ళు,
డబ్బాల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్ళు.
ముందు స పోతుంది. తర్వాత ఫ, త, క.
ఆ, ఓ, ఊ మాత్రం
సామాను తీసేసిన ఇంట్లో గిన్నెల్లా
మిగిలి మోగుతాయి.

మంగళవారం పదిన్నరకి రోనీ స్టాథర్స్, డెబ్భై తొమ్మిది.
వెంట బెరిల్.
వానకోటు విప్పకుండానే అందుకుంది:
"చెప్పండి ఈయనకి! పదకొండేళ్ళుగా అరుస్తున్నాను,
గొంతు గరిటెతో గీకినట్టుంది నాకు!"
చెవిటివాడి ముందు శంఖం ఊదితే
అటేం కొరుకుతున్నావన్నాట్ట మా సామెతలో ఒకాయన.
రోనీ ఆమాత్రం కూడా అనలేదు.
ఆమె నోటివంక చూసి
జేబులోంచి పిప్పరమెంటు తీసిచ్చాడు.

హెడ్‌ఫోన్లు పెట్టి హోరు వదిలాను.
కిటికీ బయట ఏముందని కాగితమ్మీద రాసి అడిగాను.
"వాన! నది మీంచి వాన!"
గది అద్దం అదిరింది.
ఎవరిమీదా కోపం లేదు ఆయనకి.
చెవుల్లో హోరు, అంతే.
తన మాట తనకి వినపడేదాకా
పెంచుకుంటూ పోయాడు.

(మా నాన్న కోపమొస్తే గొంతు తగ్గించేవాడు.
మేం మంచం కింద దూరేవాళ్ళం.
ఆయన లోపల ఏ హోరుండేదో
కొలిచే చదువు అప్పటికి నాకు లేదు.)

బెరిల్‌కి చెప్పాను, రోజుకి ఆరుసార్లు చెప్పేదే:
అరవకండి. అరుపులో పెరిగేవి అచ్చులే.
హల్లు అరుపుకి లొంగదు.
ఉత్త త్ ని ఎంత గట్టిగా అంటారో, ఏదీ, అనండి.
దగ్గరికి రండి. మొహమ్మీద వెలుతురు పడనివ్వండి.

ఆ సాయంత్రం
బాయిలర్ మనిషి మా తలుపు తట్టి తట్టి
చీటీ అంటించి పోయాడు.
మళ్ళీ తొమ్మిది రోజులకి గానీ రాడట.
ముకుంద్ ఇంట్లోనే ఉన్నాడు.
"నిద్రపట్టింది" అన్నాడు.
"వినపడలేదా? తలుపు కూడా వినపడలేదా నీకు?"
ఇద్దరు నిలబడితే నిండిపోయే వంటింట్లో
వెళ్ళిపోతున్న పడవని పిలిచినట్టు అరిచాను.
పక్కింటివాళ్ళు టీవీ పెంచారు.
నేను వాళ్ళ టీవీ మీదుగా పెంచాను.
నా మాటల్లోంచి ఒక్కొక్క హల్లూ రాలిపోవడం
వృత్తిధర్మంగా గమనిస్తూనే ఉన్నాను.
చివరికి మిగిలింది ఒక్క ఆ.

చీటీ గురించి కాదు. చన్నీళ్ళ గురించీ కాదు.
ఏప్రిల్ నుంచీ అతను పగలు పడుకుంటున్నాడు.
ఎందుకని అడగడానికి ఒక ద కావాలి, ఒక క కావాలి.
నాకు అందలేదు.

మూడు వారాలకి స్టాథర్స్ దంపతులు మళ్ళీ వచ్చారు.
ఆయన చెవుల వెనక మిషన్లు పెట్టి, సరిచూసి, మీట నొక్కాను.
బెరిల్ అలవాటుగా "ఎలా ఉందీ!" అని కేకేసింది.
ఆయన ఉలిక్కిపడి చెవి పట్టుకున్నాడు.
"ఎందుకే అంత అరుపు? ఇక్కడే ఉన్నాగా."
ఆమె నోరు తెరిచింది. మూసింది.
నావైపు తిరిగి, మళ్ళీ గట్టిగానే,
"చిన్న గొంతు ఎక్కడ పెట్టానో గుర్తు రావట్లేదమ్మా."
దానికి నా దగ్గర పరికరం లేదు.
రోనీ జేబు తడుముకున్నాడు.

ఇంటికొచ్చేసరికి
ముకుంద్ చీకట్లో బల్ల దగ్గరున్నాడు.
లైటు వేశాను.
కుర్చీ లాక్కుని మోకాళ్ళు తగిలేంత దగ్గర కూర్చున్నాను.
"ఎం" అన్నాను.
తర్వాతి అక్షరం పళ్ళ వెనక
ఈ ఊరి పేరు చివర ల్ లాగా
పొల్లు పెట్టుకుని నిలబడిపోయింది.

గోడవతల బాయిలర్ గుప్పున అంటుకుంది.
అది ఆగేదాకా
ఇద్దరం ఆగాం.