ఆపిన కారణం

నా దగ్గర ఒక గుడ్డ టేపు ఉంది.
మొదటి అయిదు అంకెలూ చెరిగిపోయాయి.
నా బొటనవేలు పట్టుకునే చోటు అది.

పందొమ్మిదేళ్లు.
మిర్యాలగూడ మిల్లులు, హాలియా సంత, మర్రిగూడ బడి వరండా.
జీపు వెనక బరువు మిషను,
దాని మీద నా టిఫిను డబ్బా.
"ఊపిరి బిగబట్టకుండ్రి, పొట్ట లోపటికి గుంజకుండ్రి"
ఇంట్లో పిల్లలతో ఆడిన మాటలన్నీ కలిపినా
ఈ రెండు మాటల లెక్కకు రావు.

ఎల్లమంద, మిల్లు హమాలీ, తొంభయ్యారు కిలోలు.
టేపు తిప్పుతుంటే నవ్వాడు:
"ఆ పక్కకు పోయి రానీకి బస్సు దొరుకుతదా డాక్టరమ్మా?"
నల్గొండ తీసుకొచ్చి ట్రెడ్‌మిల్ ఎక్కించాం.
తొమ్మిది నిమిషాలు. పది.
సిస్టర్ శౌరీలమ్మ నా వంక చూసింది.
పదమూడో నిమిషానికి మిషను కాలిన వాసన వేసింది.
"బస్త లేకుండ నడుసుడు గూడ ఓ పనేనా" అంటూ దిగాడు,
లుంగీ దులుపుకుంటూ.

అదే మధ్యాహ్నం ఒక బ్యాంకు గుమస్తా,
చిక్కుడు తీగలాంటి మనిషి,
నాలుగో నిమిషంలో కమ్మీ పట్టుకుని కళ్లు మూశాడు.

హైదరాబాదులో లెక్కలు చూసే కుర్రాడు
గీతకు దూరంగా పడ్డ ఒక్క చుక్కను
పెన్సిలు మొనతో పొడిచి అన్నాడు:
"ఇది తీసేస్తే మేడం, గీత చక్కగా వస్తుంది."
గీత చక్కగా రావడానికి
పదమూడు నిమిషాలు నడిచిన మనిషిని దించేయడం
నాకు చేతకాలేదు.
మిగతా ఉద్యోగమంతా ఆ చుక్క చుట్టే చేశాను.

మా ఫారంలో పదకొండో గడి: ఆపిన కారణం.
ఛాతీ నొప్పి. ఆయాసం. అలసట. కళ్లు తిరగడం.
ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి.
మర్రిగూడ కడారి పెంటమ్మకు ఈ నాలుగింట్లో ఏదీ లేదు.
గుండె ఉరకడానికి సిద్ధంగా ఉంది,
తెర మీద నాకు కనిపిస్తూనే ఉంది.
మోకాళ్లే వంగిన చోట ఆగిపోయాయి,
నలభయ్యేళ్లు తాగిన బోరు నీళ్లు
ఎముకల్లో బిగుసుకుని.
"నేనెప్పుడు ఉరికిన్నో యాదికి లేదు బిడ్డా."
అయిదో వరుస నేనే గీసి రాశాను: నీళ్లు.
పత్రికవాళ్లు ఆ మాట పక్కన ప్రశ్నార్థకం పెట్టి తిప్పి పంపారు.
మూడుసార్లు.

రామగిరిలో సైకిళ్లు బాగుచేసే గౌసు
పెడళ్లకు పాత చీరముక్క చుట్టి
చేతులతో తిప్పే చక్రం చేసిచ్చాడు.
పెంటమ్మ కూర్చుని తిప్పింది.
ఆరు నిమిషాలు, నుదుటి మీద చెమట.
"మంచిగుంది. ఇంకొకపారి తిప్పాల్నా?"

పోయిన కార్తీకంలో ఎల్లమంద మళ్లీ వచ్చాడు.
మిల్లులో బెల్టు పెట్టారట, బస్తాలు వాటంతటవే ఎక్కుతాయట.
గేటు దగ్గర తనకో కుర్చీ ఇచ్చారట.
బరువు మిషను ఎక్కాడు. తొంభయ్యారు.
"సూసిన్రా? ఇన్నేండ్లల్ల ఒక్క కిలో ఎక్కలే!"
మూడు నిమిషాల నలభై సెకన్లు.
శౌరీలమ్మ రిటైరైపోయింది,
అటు తిరిగితే గోడ.
పదకొండో గడి దగ్గర పెన్ను ఆగింది.
కుర్చీ అని రాయాలా?

నా సంగతి కూడా చెప్పాలి.
నడక మీద ఇరవై రెండు వ్యాసాలు,
అన్నీ కూర్చునే రాశాను.
నిన్న పొద్దున లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కబోయాను.
ముప్పై ఏడో మెట్టు మీద కూలబడ్డాను.
కింద ఊరు, ఆస్పత్రి నీళ్ల ట్యాంకు,
మణికట్టు మీద నా వేళ్లు.
ఊదొత్తుల గంప నెత్తిన పెట్టుకున్న ముసలామె
నా పక్కనించి పోతూ అడిగింది:
"ఎందుకాగినవ్ బిడ్డా?"

నాలుగు కారణాలూ గుర్తు చేసుకున్నాను.
అయిదోదీ.
ఆమె జవాబు కోసం ఆగలేదు.