తోలు చదువు

గొడ్డు తోలును ఎండకు ఎత్తి పడితే
గోమారి కుట్టిన సోటు, ముల్లుకర్ర దిగిన సోటు
నా బొటనేలికే చెప్పేది.
కురుమూర్తి సామి ఉద్దాలకు
మచ్చ తోలు ఎన్నడు పెట్టలే.

పాలమూరు పెద్ద దవాఖానల
ఇయ్యాల నా అరికాలు ఎత్తి పట్టిన్రు.
నస్రీన్ సిస్టర్ గాజుబిల్ల ఆనిచ్చింది.
తెర మీద నా మచ్చ
తాటిపండంత అయ్యింది.
ఎన్కట ముల్లిరిగిన జాగ అనుకున్న,
ఆరె పోటు అనుకున్న, రెండేండ్లు.

"ఎన్ని తోళ్లు సూసిందమ్మా ఇది?"
"లచ్చలు, మాసన్న తాతా.
తెల్లోళ్లయే ఎక్కువ.
మన కాళ్లు దానికి తక్కువ తెలుసు."

నూటికి డెబ్బై మూడన్నది మిషిని.
అంటే అవునా, కాదా?
సిస్టర్ నా మొకం దిక్కు సూడలే.
ముక్క కోసి పట్నం పంపుతరట.

కొయ్యి బిడ్డా.
అనుమానమొస్తే నేను గూడ
అంచు కోసే సూసేటోన్ని.
ఆ ఫోటో మాత్రం దాంట్లనే ఉండనియ్యి,
నా ఎన్క వచ్చే నల్లకాలును
అది కొత్తోని లెక్క సూడొద్దు.

ఇంగొకటి...
ఉద్దాల దినానికి కుట్లు మానుతయా?
ఆనాడు నేను
ఉత్త కాళ్లతోనే నడుస్త.