ఎడమ కాలు

బోరబండ ఎత్తుగడ్డ మీద
కంటి ఆస్పత్రి బండి ఒరిగి నిలబడ్డది.
బండంటే మామూలుది గాదు, ఇల్లంత ట్రాలీ.
లోపల ఏసీ, రెండు కుర్చీలు, అద్దాల పెట్టె,
గోడకు అక్షరాల బోర్డు.
ముందున్న లారీ విడిపోవాలంటే
ట్రాలీ తన రెండు కాళ్లు తనే దించుకోవాలె.
కుడిది దించింది.
ఎడమది నేలకు నాలుగు వేళ్ల ఎత్తున ఆగింది,
చీకట్ల చెప్పు వెతుక్కుంటున్నట్టు.

డ్రైవర్ ఐలయ్య ఫోన్ జేసిండు:
"స్వరూపక్కా, బటన్ నొక్కితే టక్కంటది, గంతే.
ఏడింటికెల్లి లైనున్నది. జెల్ది రా."

నేను పోయేసరికి నలుగురు నాలుగు రోగాలు చెప్పిన్రు.
మోటరు కాలిందని ఒకరు,
బ్యాటరీ సచ్చిందని ఒకరు.
కాంపౌండర్ అయితే కొత్త కాలు కోసం
ఢిల్లీకి మెయిలు గూడ కొట్టిండు.

పానా పట్టేముందు చెవి పెట్టు
అనేటోడు గఫూర్ ఉస్తాద్.
పెట్టిన.
టక్.
రిలే పలుకుతున్నది.
బ్యాటరీ పన్నెండు పాయింటు ఆరు.
బటన్ నొక్కినా ముల్లు కదలలే.
బరువు మోసేటోడికి చెమట పట్టాలె గద,
వీనికి పట్టలే. అంటే
బరువు వీని మీదికి రానేలేదు.
ఫ్యూజు ఎండకు పట్టి చూసిన, తీగ తెగలే.
మోటరు వైరుకు ల్యాంపు తాకిస్తే
భగ్గున వెలిగింది.
కరెంటు వచ్చుడైతే వస్తున్నది.
మరి పోవుడు?

లోపల డాక్టరమ్మ ఆగలే,
ఒరిగిన బండిలనే పరీక్ష మొదలువెట్టింది.
కుర్చీల హబీబ్ ఫాతిమా నగర్ దర్జీ,
ముప్పై ఏండ్ల సంది షేర్వానీలు కుట్టిన మనిషి,
మెడ ఒక దిక్కు వంచి 'క' అంటడు, 'మ' అంటడు,
"బోర్డు వంకరనా అమ్మా, నేను వంకరనా?"

అట్ట పరుచుకొని కిందికి దూరిన.
రాత్రి వాన తడి వీపుకు తగిలింది.
బ్యాటరీ మైనస్ నుంచి ఒక వైరు లాగి
మోటరు ఒంటికి తాకించిన.
చిటుక్కున నిప్పు, గుర్రుమని మోటరు,
కాలు వేలెడు దిగింది.
పైన ఐలయ్య ఈలేసిండు.
ఆగు, అన్న. ఇది మందు గాదు, నాడి చూసుడే.

నాడి ఎక్కడ తెగిందో అప్పుడు దొరికింది.
ఛాసిస్‌కు ఎర్త్ వైరు కలిసే బోల్టు కింద
తెల్లరంగు, మూడు కోట్లు.
పోయిన నెల ప్రారంభోత్సవం,
పెద్దసారు వస్తున్నడని ఒక్క రాత్రిల
కనబడ్డదంతా తెల్లగ జేసిన్రు.
బోల్టు విప్పి, రంగు గొట్టి,
రంగు మీదనే మళ్ల బిగించిన్రు.
పాపం, నెలంతా అది
పంటి అంచుతోని పట్టుకొని నడిపిచ్చింది.
నిన్నటి వానకు వదిలేసింది.

గరుకు కాగితం తీసిన. గీకిన.
రంగు పోయింది, ప్రైమర్ పోయింది,
రూపాయి బిళ్లంత ఇనుము
మొఖం కడుక్కొని బయటికొచ్చింది.
పళ్ల వాషరు ఒకటి ఏసి బిగించి, జెర గ్రీజు రాసిన.
"నొక్కు ఐలయ్యా."

ఎడమ కాలు ఏ తొందరా లేకుంట దిగింది.
తుమ్మచెక్క మీద ఆనింది, చెక్క కిర్రుమన్నది,
బండి నడుము లేపింది.
రసమట్టంల బుడగ ఒక్కసారి బెదిరి,
నడుమకొచ్చి కూసున్నది.
లోపటికెల్లి దర్జీ గొంతు:
"ఇప్పుడు బోర్డు సక్కగైంది. అక్షరాలే ఇంక అలికినట్టున్నయి."

లెక్కలు రాసే పిలగాడు అడిగిండు,
"ఏ పార్టు మార్చిన్రు మేడం?"
ఏం మార్చలే, గీకిన.
"గీకుడు మా లిస్టుల లేదు."
చాలాసేపు చూసి, వాషరు ఒకటి అని రాసి
నా దిక్కు తిప్పిండు సంతకానికి.

సంతకం పెడుతుంటే ఐలయ్య వచ్చిండు,
ఒక చేతిల తెల్లరంగు డబ్బా, ఇంకో చేతిల బ్రష్:
"గా బోల్టు కాడ మచ్చ కనిపిస్తున్నదక్కా,
జెర టచ్ జేద్దునా?"

పదమూడు నంబరు పానా ఇంక నా చేతులనే ఉన్నది.
దాని దిక్కు జూసి
డబ్బా మూత పెట్టిండు.