పై కడ్డీ

ఇరవై ఎనిమిదో నంబరు బస్సులో
నేను పై కడ్డీ పట్టుకుని ఎన్నాళ్లయిందో.
సీటు వెనక ఇనప పిడి, కిటికీ చువ్వ,
ఏదీ అందకపోతే నూకరత్నం బ్యాగు పట్టీ.
ఎన్ఏడీ దగ్గర బ్రేకు పడితే
ఎవరో పెద్దాయన ఒళ్లో పడబోయి ఆగాను గానీ
చెయ్యి మాత్రం పైకి లేవలేదు.

పదో తరగతి, జూన్ నెల.
వాన రాదు, వస్తానని మబ్బు బెదిరిస్తుందంతే.
ఈ ఊళ్లో చంపేది ఎండ కాదు, ఉక్క.
సముద్రం మీంచి వచ్చే గాలి కూడా
ఎవరో తుడుచుకుని పడేసిన తువ్వాలులా ఉంటుంది.

తెలిసిందెప్పుడంటే,
బెంచీలో పక్కనున్న పిల్ల నోట్సు రాసుకుంటూ
కాస్త జరిగింది.
ఏమీ అనలేదు. అని ఉంటే బావుండేది.
ఆ రాత్రంతా
ఆ జానెడు ఖాళీలోనే పడుకున్నాను.

అప్పట్నుంచి నాదొక రహస్య ఉద్యోగం:
జడ సర్దుకుంటున్నట్టు భుజం మీదికి తల వంచి
ఒక్క క్షణం వాసన చూసుకోవడం.
అన్నయ్య స్ప్రే దొంగతనంగా కొట్టుకుంటే
చెమటా అత్తరూ తగూపడి
ఏ ఒక్కదానిలాగా లేని మూడోదేదో పుట్టింది.
పౌడరు పూస్తే మధ్యాహ్నానికి పిండిముద్ద.
మూడోసారి స్నానానికి వెళ్తుంటే అమ్మ
"ఏటే, కుళాయి వచ్చేది గంటసేపే" అంది.

భానోజీరావు మాస్టారు బోర్డు మీద లెక్క వేసి
"ఎవరికొచ్చు?" అన్నారు.
నాకొచ్చు. ఎక్స్ విలువ ఏడు.
మోచేతులు పక్కటెముకలకి కుట్టేసుకుని
ఆ ఏడుని నోట్లోనే నానబెట్టుకున్నాను.
వెనక బెంచీవాడు లేచి పదకొండన్నాడు.

అమ్మకి నేను చెప్పలేదు.
ఆదివారం బట్టలుతుకుతూ
నా యూనిఫాం చంక దగ్గర పట్టుకుని
ముక్కుకి ఆనించుకుంది. నేను చచ్చిపోయాను.
తను మాత్రం కూరలో ఉప్పు చూసినంత మామూలుగా
"పెద్దవుతున్నావు గదే" అని
నిమ్మచెక్క రుద్ది, తిరగేసి ఎండలో వేసింది.
నాన్న గెడ్డం డబ్బాలోంచి పటిక ముక్క తీసింది.
"తానం చేసి, తడారకముందు, రెండుపక్కలా.
లోపల నూలుది వేసుకో. ఇంకేటీ రాయకు."
"నీకూ వచ్చేదా?"
"మీ అమ్మమ్మ నిమ్మకాయ పిండేసేది. మండిపోయేది."
ఆ మంట ఇప్పుడే తగిలినట్టు
భుజం ఎగరేసి నవ్వింది.

నూకరత్నం సంగతి చెప్పాలి.
ఓ సాయంత్రం బస్టాపులో అది జడ సర్దుకుంటోంది.
తల వంచింది. ఒక్క క్షణం.
నాకు తెలీదా ఆ క్షణం?
నేను చూడటం చూసి బిగుసుకుపోయింది.
వాళ్లమ్మది హార్బరులో చేపల గంప.
"నిజం చెప్పు," అంది, బస్సు వచ్చే వైపే చూస్తూ,
"నా జుట్టు చేపల వాసనొస్తదా?"
మూడేళ్లుగా పక్కపక్కనే కూర్చుంటున్నాం.
దగ్గరికి జరిగి చూశాను.
కొబ్బరినూనె. కొంచెం పెన్సిల్ పొట్టు.
"మరి నేను?"
అది డాక్టరమ్మలా కళ్లు మూసుకుని, తీరిగ్గా చూసి,
"చెమట. కొద్దిగా. బస్సంత కాదు."

ఇద్దరం అక్కడ అరుగు మీద కూలబడి నవ్వితే
ఒక బస్సు వెళ్లిపోయింది.

కొన్ని సాయంత్రాలు రిఫైనరీ గాలి ఇటు తిరుగుతుంది.
కళ్లు మండుతాయి, ముక్కులు మూసుకుంటాం.
అయినా ఈ ఊరిని ఎవరూ
అటు జరిగి కూర్చోమనరు.

ధైర్యం అంటే అదేమీ కాదు.
పటిక రాసినా కొన్ని రోజులు వస్తుంది,
కొన్ని రోజులు రాదు,
కొన్ని రోజులు వచ్చిందేమో అనిపిస్తుంది, అదే ఎక్కువ.
కానీ కంచరపాలెం దాటాక బస్సు కిక్కిరిసి
పట్టుకోవడానికి ఇంకేదీ మిగల్లేదొకరోజు.
పై కడ్డీకి అప్పటికే పన్నెండు చేతులు:
గాజులవి, గ్రీజువి, మెహందీ వెలిసినవి,
అన్నిటి కిందా నల్లబడ్డ తడి నెలవంకలు.
మధ్యలో కొద్దిగా చోటుంటే
నాది పెట్టాను.

వానలు మొదలయ్యేసరికి
పటిక చింతగింజంత అయింది.
నాన్న గెడ్డం తెగి, నెత్తురు అద్దుకుంటూ
"ఏదే నా పటిక?" అని డబ్బా అంతా వెతికారు.
అమ్మ నా వైపు చూడకుండా
"ఈసారి రెండు కొనండి" అంది.