ఇరవై అయిదు

మడికొండ ఇండస్ట్రియల్ ఎస్టేట్ల మూడో గల్లీ,
రేకుల షెడ్డు, మే నెల, పగటీలి రెండు గంటలు.
పరకాల రైస్‌మిల్లు షాఫ్టు చక్కుల బిగించి ఉన్నది.
పక్కన ప్లాస్టిక్ కుర్చీ మీద లాప్‌టాప్,
దాని ముందు గుగులోతు మంజుల,
ఇంజినీరింగ్ కాలేజీల పరిశోధన చేసే పిల్ల.
చున్నీ లోపలికి దోపుకోమన్న మొదటి రోజే,
తిరిగేదానికి చుట్టరికం తెల్వదని.

టూలుకు వెనకకెల్లి సన్న బొక్క పొడిపించి
వెంట్రుకంత తీగ దూర్చింది.
ఇనుము తెగకముందే
ఎంత కాలుతదో చెప్త అన్నది.

నేను చిప్పు రంగు చూస్త. ముప్పై ఒక్క ఏండ్ల సంది.
ఎండుగడ్డి రంగైతే ఇంకా తోలచ్చు.
బెల్లంపాకమైతే చూసుకుంట పోవాలె.
వంగపండు రంగు తిరిగితే
చెయ్యి తనంతట తనే పిడి మీదికి పోతది.
నీలం, పాలపిట్ట రెక్క విప్పినంత నీలం దిగిందంటే
దసరా కాదు, టూలుకు దినాలు దగ్గరపడ్డట్టు.

ఆమె లెక్క వేరు.
వేగం, లోతు, ముందుకు జరిగే మిల్లీమీటర్లు,
ఉక్కు మొండితనానికి ఒక అంకె,
రాపిడికి ఒక గ్రీకు అక్షరం.
పుట్టిన వేడిల నూటికి ఎనభై వంతులు
చిప్పే ఎత్తుకొని పోతదట.
పోతది, నిజమే.
ఆ ఎనభైలకెల్లి కొన్ని నా మోచేతి మీద
మచ్చలైనయి, లెక్కపెట్టుకొమ్మన్న.
ఆమె నవ్వలే. రాసుకున్నది.

లెక్క చెప్పింది: ఐదు వందల ఎనభై ఎనిమిది.
తీగ చెప్పింది: ఆరు వందల ముప్పై ఒకటి.
మళ్ళ కోసినం. ముప్పై.
మళ్ళ. ముప్పై రెండు.
నలభై మూడు డిగ్రీలు ఎక్కడియో తేలలే.
ఉక్కు అంకె మార్చింది, అక్షరం మార్చింది,
కాజీపేట దిక్కు గూడ్సు మొత్తం పోయేదాక
తల ఎత్తలే.

అప్పుడు కరెంటు పోయింది.

చక్కు తిరిగి తిరిగి నిలబడ్డది. ఫ్యాను ఆగింది.
మీటరు బ్యాటరీది, అదొక్కటే వెలుగుతున్నది.
మూడు వందలు. నూట తొంభై. నూట పది.
డెబ్బై.
యాభై రెండు.
నలభై ఆరు.
నలభై ఆరు.

"ఇంకా దిగాలె" అన్నది.
"ఎంతదాక?"
"ఇరవై అయిదు. చుట్టూ ఉండే గాలి వేడి.
లెక్క ఆడికెల్లే మొదలైతది."
"ఏ ఊళ్లె బిడ్డా?"

ముక్కు కొసకెల్లి చెమట కీబోర్డు మీద పడ్డది.
రేకుల దిక్కు చూసింది. నా బనీను దిక్కు చూసింది.
ఎక్కడో కిటికీలు మూసిన చల్లటి గదిల
ఎవలో రాసుకున్న అంకె
నాలుగేండ్లు ఆమె వెంట తిరిగింది, ఎవ్వరూ అడగలే.
కొట్టేసి నలభై ఆరు రాసింది.
ఇరవై ఒకటి దొరికినయి.

ఇంకో ఇరవై రెండు.

నేను అటు మళ్ళి గుడ్డతోని మిషను తుడిసిన.
తుడిసిందే తుడిసిన.
ఆ ఇరవై రెండు నాకు ఎరుకే.
కార్బైడు బిళ్ళ మూల అరిగి మూడు రోజులైంది.
నాలుగో మూలను సేటు వచ్చే వారానికి దాసిండు,
ఇంకో రెండు షాఫ్టులు దీంతోనే గుంజుమన్నడు.
అరిగిన మూల కోయదు, రుద్దుతది.
నేను నోరు మెదపకపోతే
ఆమె దాన్ని కూడా ఉక్కు గుణమే అనుకొని
కొలుస్తున్నది.

విప్పి ఆమె అరచేతిల పెట్టిన.
గోటితోని తడిమి చూసింది.
"ఎందుకు చెప్పలే" అనలే.
"దీనికి నా దగ్గర అక్షరం లేదు కాకా" అన్నది.

కరెంటొచ్చింది.
బిళ్ళ తిప్పి కొత్త మూల బిగించిన, సేటుకు చెప్పకుంట.
చిప్పు బెల్లం రంగుల సుడులు తిరుగుకుంట దిగింది.
లెక్క ఆరు వందల తొమ్మిది.
తీగ ఆరు వందల ఐదు.

"ఈ నాలుగు?" అన్న.
"ఉండనీ" అన్నది,
సీసా ఎత్తి గటగట తాగింది.
ఆ నీళ్ళు ఎంత ఉన్నయో
ఇద్దరం కొలవలే.