గొలుసులవాడి లెక్క

ఆరో జత అది.
నా కొలిమిలో కాచి, సాగగొట్టి, కడియానికి కడియం అతికి
తూకం వేసి ఊరి పెద్దలకు చూపించిన ఆరో జత.
మొదటి అయిదూ తెగినప్పుడు
నా పనితనాన్నే శంకించారు.
"ఇనుములో మట్టి కలిపావా జబ్దాస్?" అన్నాడు ఖజానా గుమాస్తా.
ఉక్రోషం కొద్దీ
ఈసారి బొటనవేలంత మందాన చేశాను.

వాడి మణికట్టు కొలత నాకు కంఠతా వచ్చు.
నలుగురు అదిమిపట్టుకుంటే
ఖర్జూరపు నారతాడు చుట్టి కొలిచాను.
కుడిదానికంటే ఎడమది ఓ గింజంత సన్నం.
పేరు మాత్రం అడగలేదు.
ఊళ్ళో ఎవరూ అడగలేదు.
సమాధుల దగ్గరివాడు వస్తున్నాడంటే చాలు,
పిల్లలు మారాం మాని రొట్టెముక్క మింగేవారు.

రాత్రిళ్ళు సున్నపురాతి గుహల్లోంచి
వాడి అరుపు సరస్సు మీదుగా పోయి
అవతలి కొండకు తగిలి రెండింతలై తిరిగొచ్చేది.
నా భార్య శల్మా తలుపు గడియ వేసి
దానికి మళ్ళీ తిరగలిరాయి ఆనించేది.
గొలుసులు చేసేవాడి ఇంట్లో ఇంత భయమా అని
నవ్వేవాణ్ణి.
నవ్వుతూనే గడియ సరిచూసుకునేవాణ్ణి.

ఆ ఉదయం గాడిద మీద ఇనుమేసుకుని వెళ్తున్నాను.
రాత్రంతా తుఫాను. గట్టునిండా చచ్చిన చేపలు, విరిగిన రెల్లు.
ఇసుకలోకి ఒరిగిన పడవ ఒకటి.
దాంట్లోంచి దిగి ఒకాయన
తడిసిన పైవస్త్రం పిండుకుంటున్నాడు.
కత్తి లేదు. కర్ర లేదు.
మా మంత్రగాళ్ళు మోసుకొచ్చే ధూపం, గాడిద ఎముక,
ఏడు ముళ్ళ నూలుపోగు,
ఏమీ లేవు.

సమాధుల్లోంచి వాడు దూసుకురావడం చూశాను.
మీదపడి చీల్చేస్తాడనుకున్నాను.
మోకాళ్ళ మీద కూలాడు.
బండకు ఎముక తగిలిన చప్పుడు
నేనున్న చోటికి వినిపించింది.

ఆయన వాడి పేరు అడిగాడు.

జవాబు ఒక గొంతులోంచి రాలేదు.
సంతనాడు అందరూ ఒక్కసారే బేరమాడినట్టు,
దండు దండంతా చెక్కవంతెన దాటినట్టు,
అన్నీ ఒకే నోట్లో.
అవి బతిమాలాయి. ఈ చెవులతో విన్నాను.
నా అయిదు జతల ఇనుమును పురికొసలా తెంపినవి
గద్దను చూసిన కోడిపిల్లల్లా కీచుమన్నాయి.
ఆయన గొంతు పెంచలేదు.
ఇంటివాడు గుమ్మంలో నిలబడి
వంటింట్లో దూరిన కుక్కను అన్నట్టు
పొమ్మన్నాడు.

తర్వాత కొండవాలు,
పందులమంద, దుమ్ము, నీళ్ళు.
నీళ్ళు మూసుకున్నాక కూడా
కాపరి ఫిలోతాస్ బూర ఊదుతూనే ఉన్నాడు.

ఆ మందలో నా వాటా పదకొండు పందులు.
దాచను.
ఇక్కణ్ణుంచి వెళ్ళిపొమ్మని ఆయన్ను వేడుకున్న గుంపులో
నేనూ ఉన్నాను.
బట్టలు కట్టుకుని, బుద్ధిగా కూర్చున్న ఆ మనిషిని చూశాక
అరిచిన రాత్రుల్లోకంటే ఎక్కువ భయమేసింది.
ఇనుము పట్టలేనిదాన్ని ఒక మాట పట్టింది.
ఆ మాట రేపు నా గుమ్మంలో నిలబడి
నన్నూ పేరడిగితే?

దయ్యాలు అడిగింది ఇచ్చాడు.
మేమడిగిందీ ఇచ్చాడు, పడవెక్కాడు.
కాదన్నది ఒక్కరినే,
వెంట వస్తానని పడవ అంచు పట్టుకున్న అతన్ని.
ఇంటికి వెళ్ళమన్నాడట.
ఇంత అధికారం ఉండీ ఇలా ఎందుకో
నాకు ఇప్పటికీ కొరుకుడు పడదు.

ఆలివ్‌లు రాలే రోజుల్లో అతను కొలిమికి వచ్చాడు.
గోనెలో తెగిన గొలుసు ముక్కలు, అన్నీ ఏరి తెచ్చాడు.
"ఇంటికి తలుపు పెట్టాను. గడియ కావాలి.
లోపలివైపు."
కొలత కోసం నారతాడు తీసి
అలవాటుకొద్దీ అతని చేతివైపు చాచాను.
ఇద్దరం దాన్నే చూశాం.
అతనే ముందు నవ్వి, ఎడమ చెయ్యి ముందుకు పెట్టాడు.
గాయాలు పొట్టు రాలి తెల్లబడ్డాయి.
కొంచెం ఒళ్ళు చేశాడు, పాత కొలత సరిపోదు.

అప్పుడు అడిగాను, పేరు.
చెప్పాడు.
నేనిక్కడ చెప్పను.
పది ఊళ్ళూ తిరుగుతున్నాడు,
మీ వీధికీ వస్తాడు,
మీరే అడగండి.